ఉద్యోగపర్వం లేని యుద్ధకథలు

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఒకటి ఉంది. బ్రిటిషు ప్రభుత్వం వేయించింది. పొడవు సుమారు రెండు కిలోమీటర్లు. యుద్ధ విమానాల రోజులు ఎప్పుడో పోయాయి గానీ ఊళ్లోవాళ్లు ఆ చుట్టుపక్కల భూముల్ని ఇప్పటికీ విమానాశ్రయం భూములనే అంటారు. ఆ మధ్య ఓ సాయంత్రం అక్కడ నడుస్తుంటే, నాతో వచ్చిన మా అన్నయ్య మనవడు అడిగాడు: "తాతా, ఇక్కడ ఎవరితో ఎవరు యుద్ధం చేశారు?" ఎవరూ చెయ్యలేదురా అన్నాను. "మరి రన్‌వే ఎందుకేశారు?" జపాను వాళ్లు వస్తారని. "వాళ్లు మన మీదకెందుకొస్తారు?" జపాను అమెరికా మీద బాంబులేసింది గనక, అని మొదలుపెట్టి, చెప్పేది అతకడం లేదని నాకే తెలిసి ఆగిపోయాను.

జపాను హఠాత్తుగా పెర్ల్ హార్బర్ మీద పడింది, దాంతో యుద్ధం లోకమంతా పాకింది అన్నది మనం బళ్లో నేర్చుకున్న వాక్యమే. ఆ వాక్యానికీ గూడెం రన్‌వేకీ మధ్య ఏదో జారిపోయింది. అదేమిటో చూద్దామని కొన్ని పుస్తకాలు తిరగేశాను, ఒక సినిమా మళ్లీ చూశాను. అన్నీ బాగున్నవే. అయితే ఇలాంటి రచనల్లో ఎక్కువ వాటికి సౌప్తికపర్వం మీద ఉన్నంత శ్రద్ధ ఉద్యోగపర్వం మీద లేదు. నా ఫిర్యాదు అదీ.

ముందు సినిమా సంగతి. 1970లో వచ్చిన 'టోరా! టోరా! టోరా!' అమెరికా, జపాను కలిసి తీసినది. అమెరికా భాగాన్ని రిచర్డ్ ఫ్లైషర్, జపాను భాగాన్ని తొషియో మసుదా, కింజి ఫుకసాకు తీశారు. శత్రువుని రాక్షసుడిగా చూపించకుండా రెండు వైపులా ఆఫీసుల్లో, ఓడల్లో మనుషులు ఎలా ఆలోచించారో, ఎక్కడ తడబడ్డారో ఓపిగ్గా చూపిస్తుంది. ఒక తంతి ఆలస్యంగా చేరడం, రాడార్‌లో కనిపించిన చుక్కల్ని మన విమానాలేలే అనుకోవడం ఇలాంటివి చూస్తుంటే మనకే కంగారు పుడుతుంది. ఆ నిజాయితీకి దణ్ణం పెట్టొచ్చు. కానీ కథ వాషింగ్టన్, టోక్యో, హవాయిల మధ్యే తిరుగుతుంది. దాడి జరగడంతో కథ అయిపోతుంది. ఇద్దరు మల్లుల మధ్య జరిగిన వ్యవహారంగా మిగిలిపోతుంది.

గడియారం కాస్త వెనక్కి తిప్పితే బొమ్మ మారిపోతుంది. పెర్ల్ హార్బర్ మీద మొదటి బాంబు పడడానికి గంటకి పైగా ముందే జపాను సైన్యం మలయాలోని కోట భారు దగ్గర ఒడ్డుకి దిగడం మొదలైంది. అక్కడి తారీఖు ప్రకారం అది డిసెంబరు 8, హవాయిలో ఇంకా 7. ఆ ఒడ్డున కాపలా ఉన్నది భారత సైన్యం, డోగ్రా రెజిమెంటు వాళ్లు. అంటే ఆ దాడుల వరసలో మొదటి తూటాలకి ఎదురు నిలిచినవాళ్లలో మనవాళ్లున్నారు. సినిమా దారిలో కోట భారు లేదు. ఉండి తీరాలని నేననను. లేకపోవడం వల్ల 'దాడి ఎవరి మీద?' అన్న ప్రశ్నకి ఒకే జవాబు మిగిలిందని మాత్రం అంటాను.

ఇక రొబెర్టా వోల్‌స్టెటర్ 1962లో రాసిన పెర్ల్ హార్బర్ పుస్తకం. ఈ విషయం మీద రాసేవాళ్లెవరూ దీన్ని తప్పించుకోలేరు. ఆవిడ వాదన క్లుప్తంగా చెప్పాలంటే ఇది: అమెరికాకి కబుర్లు అందకపోవడం వల్ల మోసపోలేదు, బోలెడన్ని అందడం వల్ల మోసపోయింది. అసలు సంకేతం వట్టి రొదలో కలిసిపోతుంది. ఏది ఏదో విడదీసి చూడడం దాడి జరిగిపోయాక తేలిక, ముందు కష్టం. సంతలో తప్పిపోయిన పిల్లాడి ఏడుపు లాంటిదనుకోండి. దొరికాక, అవును అటునించే వినిపించింది అంటాం.

ఈ వాదన మన సముద్రం మీద కూడా రుజువైంది. 1942 ఏప్రిల్ 4న లియొనార్డ్ బర్చల్ అనే కెనడా వైమానికుడు సిలోనుకి దక్షిణంగా జపాను నౌకాదళాన్ని చూసి, తన విమానం కూలేలోపే వార్త పంపాడు. అంటే కబురందింది. అయినా మర్నాడు ఈస్టరు ఆదివారం పొద్దున, రత్మలానా విమానాశ్రయంలో విమానాలు పైకి లేవకముందే దాడి నెత్తిమీదకొచ్చింది. దండు వస్తోందని తెలియడం వేరు, ఏ క్షణాన వస్తుందో తెలియడం వేరు.

ఇంత గొప్ప పుస్తకంతో నాకు పేచీ ఎక్కడంటే, ఆవిడ ప్రశ్న కావలివాడి ప్రశ్న. పాండవ శిబిరంలోకి ఆ రాత్రి అశ్వత్థామ ఎలా చొరబడగలిగాడు? అందరూ ఎందుకు నిద్రపోయారు? ఈ ప్రశ్న అవసరమైనదే, మళ్లీ దాడి జరక్కుండా చూసుకోవాలనుకునే ప్రభుత్వానికి మరీనూ. కానీ పద్ధెనిమిది అక్షౌహిణులు కురుక్షేత్రానికి ఎందుకొచ్చాయన్నది సౌప్తికంలో దొరకదు. అప్పటికి యుద్ధం దాదాపు అయిపోయింది. దానికి ఉద్యోగపర్వానికి వెళ్లాలి.

తిక్కన ఉద్యోగపర్వం చదివినవాళ్లకి శల్యుడి కథ గుర్తుంటుంది. మేనల్లుళ్ల పక్షాన పోరాడదామని బయల్దేరాడు. దారి పొడుగునా విడిది ఏర్పాట్లు చూసి ముచ్చటపడి, ఇవన్నీ ధర్మరాజే చేయించాడనుకుని, చేసినవాడికి కానుక ఇస్తానన్నాడు. చేయించినవాడు దుర్యోధనుడు. కోరిన కానుక సాక్షాత్తూ శల్యుడే. ఒక్క బాణం పడలేదు, ఒక రాజ్యం పక్షం మారిపోయింది. బలరాముడు ఎవరి వైపూ చేరకుండా తీర్థయాత్రలకి పోయాడు. చుట్టరికాలు, మాటలు, మొహమాటాలు, కోపాలు: పెద్ద రాజ్యాలు యుద్ధంలోకి దిగే దారులు ఇవి.

ఇది ఉపమానం మాత్రమే కాదనడానికి చరిత్రలో మంచి సాక్ష్యం ఉంది. 1904 ఫిబ్రవరిలో ఇదే జపాను, యుద్ధం ప్రకటించకముందే, రాత్రిపూట పోర్ట్ ఆర్థర్‌లో రష్యా ఓడల మీద పడింది. ఆ దాడి నించి ప్రపంచ యుద్ధం పుట్టలేదు. ఎందుకని? 1902లో బ్రిటన్, జపానుల మధ్య ఒక ఒప్పందం అయింది. జపాను ఒక్క దేశంతో పోరాడితే బ్రిటన్ తటస్థంగా ఉంటుంది, రెండో దేశం శత్రువుతో చేరితే దిగుతుంది. రష్యాకి మిత్రదేశమైన ఫ్రాన్సు దిగలేదు. పోరు ఇద్దరి మధ్యే ఆగింది. ముప్ఫై ఏడేళ్ల తర్వాత ఆ దేశమే అలాంటి దాడే చేస్తే ఫలితం వేరు. తేడా దాడిలో లేదు, దాని చుట్టూ అప్పటికే రాసి ఉన్న కాగితాల్లో ఉంది.

1941లో కాగితాలు కూడా చాల్లేదు. బ్రెండన్ సిమ్స్, చార్లీ లాడర్‌మన్ కలిసి రాసిన 'హిట్లర్స్ అమెరికన్ గ్యాంబుల్' (2021) డిసెంబరు 7 నించి 11 దాకా జరిగిన ఆ కొద్ది రోజుల కథే చెబుతుంది. నాకు ఎక్కువ నచ్చిన పుస్తకం ఇదే. జర్మనీ, ఇటలీ, జపానుల ముక్కోణపు ఒప్పందం ప్రకారం, జపాను తానే ముందు దాడి చేస్తే జర్మనీ సాయానికి రానక్కర్లేదు. 11న అమెరికా మీద యుద్ధం ప్రకటించడం హిట్లర్ ఎంచుకున్న పని. ఆ నాలుగు రోజులూ ఏం జరుగుతుందో లండన్‌కీ, మాస్కోకీ రూఢిగా తెలియదు. అటు సోవియట్ యూనియనూ జపానూ ఏప్రిల్‌లోనే తటస్థ ఒప్పందం చేసుకున్నాయి. అందువల్ల లోకమంతా తగలబడుతున్నా ఆ రెండూ 1945 ఆగస్టు దాకా ఒకదాని మీద ఒకటి యుద్ధం ప్రకటించలేదు. హఠాత్తు దాడి దానంతటదే అందర్నీ ఈడ్చుకుపోతే ఇలా జరిగి ఉండేది కాదు.

అలాగని దాడికి ఏ బలమూ లేదంటే అతి అవుతుంది. పెర్ల్ హార్బర్‌లో సుమారు 2,400 మంది అమెరికన్లు చచ్చిపోయారు. మర్నాడు అక్కడి కాంగ్రెసులో యుద్ధానికి వ్యతిరేకంగా పడ్డ ఓటు ఒకే ఒక్కటి, జనెట్ రాంకిన్‌ది. వారం కిందటి దాకా మనకెందుకీ గొడవ అన్నవాళ్లు బోలెడుమంది. దాడి చేసిన పని అది: వద్దనేవాళ్ల నోరు మూయించింది. కోపం దాడి నించి వచ్చింది. ఆ కోపం ఎటు నడవాలన్నది అంతకుముందే, చమురు ఆంక్షల దగ్గరా చైనా యుద్ధం దగ్గరా, చాలావరకు తేలిపోయింది.

మరి మన సంగతి? ఇక్కడే మా మనవడికి నేను చెప్పిన జవాబు తప్పింది. మనం యుద్ధంలోకి దిగడానికి ఏ దాడీ అక్కర్లేకపోయింది. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. ఒక్క భారతీయ నాయకుణ్ణి అడగలేదు. దానికి నిరసనగా మద్రాసులో రాజాజీ మంత్రివర్గంతో సహా కాంగ్రెసు ప్రభుత్వాలు రాజీనామా చేశాయి. శల్యుణ్ణి కనీసం భోజనం పెట్టి మోసం చేశారు. మనకి ఆ మర్యాద కూడా దక్కలేదు. మన మీద జరిగిన మొదటి ఆకస్మిక దాడి ఏదని అడిగితే నేను ఆ ప్రకటననే చూపిస్తాను.

బాంబులు తర్వాత రెండున్నరేళ్లకి పడ్డాయి. 1942 మార్చి 8న రంగూను జపాను చేతికి చిక్కింది. తెలుగు కూలీలు తరతరాలుగా పొట్ట చేతబట్టుకుని వెళ్లిన రంగూను అది. ఆ నెలలోనే అండమానులూ పోయాయి. ఏప్రిల్ 6న ఒజావా దళంలోని ర్యూజో అనే నౌక నించి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులేశాయి. ఆ దళం బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వాణిజ్య నౌకల్ని ముంచింది. కోస్తా పట్టణాల జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకి పోయారు. కొల్లేటి ఒడ్డున పుట్టి పెరిగిన మా నాయనమ్మకి పెర్ల్ హార్బర్ పేరు తెలియదు. "కాకినాడ మీద బాంబులేసిన ఏడు పుట్టాడు మీ పెదనాన్న" అనేది. ఆ వెంటనే చెప్పేది కిరసనాయిలు దొరక్క చీకట్లో వంట చేసుకున్న సంగతి, కంట్రోలు గుడ్డ సంగతి. బర్మా నూనె, బర్మా బియ్యం ఆగిపోతే లాంతరుకీ గిన్నెకీ తెలిసింది యుద్ధమంటే ఏమిటో. గూడెం రన్‌వే కూడా ఆ భయం వేసిందే. రంగూను పడ్డాక మన తీరం సరిహద్దయింది.

శ్రీనాథ్ రాఘవన్ 'ఇండియాస్ వార్' (2016) ఈ లోటు చాలా తీర్చింది. సుమారు పాతిక లక్షల సైన్యాన్ని పంపిన దేశాన్ని యుద్ధకథలో అంచున నించి మధ్యకి తెచ్చింది. దేశమంతటినీ పట్టే పుస్తకంలో గూడెంలాంటి ఊరికి చోటు లేదనడం న్యాయం కాదు. ఆ పని మనది. మన సాహిత్యమేమో హిట్లర్ రష్యా మీద పడ్డప్పుడు వెంటనే పలికింది. 'మహాప్రస్థానం'లో శ్రీశ్రీ 'గర్జించు రష్యా' ఉంది. ఆ కవి సొంత ఊరు విశాఖ మీద బాంబులు పడ్డాయన్న సంగతి మాత్రం మనలో చాలామందికి క్విజ్ ప్రశ్నగానే తెలుసు.

మా కొల్లేటి వైపు ఒక పాత కథ చెబుతారు. కొల్లేటికోటలో ఒడ్డె రాజుల సేన ఉందట. చుట్టూ నీళ్లు, శత్రువు రాలేడు. ఒడ్డున దిగిన శత్రువు, సరస్సు నీళ్లు సముద్రంలోకి పోయేలా ఉప్పుటేరు తవ్వించాడట. ఆ శత్రు సేనాధిపతి గెలుపు కోసం కన్నకూతుర్ని ఆ ఏటికి బలిచ్చాడట. అందుకే అక్కడ పేరంటాల కనుమ అన్న పేరు. కథ నిజమో కాదో గానీ యుద్ధాన్ని చూసే చూపు నిజమైనది. దండు కోటలోకి దూకడం ఒక్క పూట పని. ఏరు తవ్వడం ఎన్ని నెలల పనో. తవ్వుతున్నంతకాలం పలుగూ పారా చప్పుడు వినపడుతూనే ఉండుంటుంది. బలైన పిల్లని ఎవరూ ఏమీ అడగలేదు.

ఇప్పుడు ఎక్కడ ఏ క్షిపణి పడ్డా, ఆ సాయంత్రానికల్లా టీవీలో మూడో ప్రపంచ యుద్ధం మొదలైపోతుంది. చూసేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒకటే. పడ్డ బాంబుని చూడండి, తప్పదు. దాంతోపాటు ఎవరు ఎవరికి ఏం మాటిచ్చారో, ఎవరి చమురు ఎవరు ఆపారో, మన తరఫున సంతకం చేసేదెవరో కూడా అడగండి. మా మనవడికి మొన్న ఫోన్లో మళ్లీ జవాబు చెప్పాను. అక్కడెవరూ యుద్ధం చెయ్యలేదురా, మనల్ని అడక్కుండా మన పేరున ఒప్పుకున్న యుద్ధానికి మన నేలమీద వేసిన దారి అది, అన్నాను. "అడిగితే మనం ఏమనేవాళ్లం తాతా?" అన్నాడు. ఆ ప్రశ్న నేను చదివిన పుస్తకాల్లో లేదు.