హోగన్ పుస్తకం, పాలక్కాడు గాలి

గోల్ఫ్ ఆడేవాళ్ళ ఇంటికి వెళ్తే నేను ముందు పుస్తకాల బీరువా చూస్తాను. స్వింగ్ నేర్పే పుస్తకాలు ఎన్ని ఎక్కువ ఉంటే ఆ ఇంటాయన ఆట అంత కష్టాల్లో ఉందని నా లెక్క. దీని వెనక శాస్త్రం ఏమీ లేదు. కోయంబత్తూరులో మావాళ్ళ ఇళ్ళూ, మదురైలో చుట్టాల ఇళ్ళూ తిరిగి ఏర్పరచుకున్న అభిప్రాయం. ఆ వరసలో మొదటివాడు మా మదురై బావ. ఆయనకు దగ్గర్లో పేరున్న మైదానమంటే కొండమీద కొడైకానల్‌లో 1895లో పుట్టిన క్లబ్బు. ఘాట్ రోడ్డెక్కి ఆడేది ఎప్పుడో తీరినప్పుడు, చదివేది మాత్రం రోజూ. "ఆడేదానికన్నా చదివేదే చవక బామ్మర్దీ" అంటాడు. క్లబ్బు చందాలు తెలిసినవాళ్ళెవరూ ఆ మాట కాదనలేరు.

ఈ పుస్తకాల వల్ల ఆదివారం ఆటగాళ్ళకు ఒరిగేదేమైనా ఉందా? ఉంది, కానీ పుస్తకంలో మనం ఆత్రంగా తిప్పే పేజీల్లో కాదు.

మా కోయంబత్తూరులో వీటికి ఇంత గిరాకీ ఉండటం వింతేమీ కాదు. ఇది దేన్నైనా విప్పి చూసే ఊరు. బడి చదువు మధ్యలోనే వదిలేసిన జి.డి. నాయుడు కుర్రతనంలో ఒక దొర మోటార్‌సైకిల్ చూసి మనసుపడి, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి, దాన్నే కొని, ముక్కముక్కా విప్పి మళ్ళీ బిగించిన కథ ఇక్కడ పిల్లలకు అన్నంతోపాటు తినిపిస్తారు. ఆయన బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో చేసిన ఎలక్ట్రిక్ మోటారు దేశంలోనే మొదటిదిగా పేరుపొందింది. పంపుసెట్లు, మిల్లు యంత్రాలు తయారుచేసి బతికిన ఊరికి, విప్పితే అర్థం కానిదేదీ లేదన్న నమ్మకం ఒంట్లో ఇంకిపోయింది. అందుకే హోమర్ కెల్లీ 1969లో వేసిన 'ది గోల్ఫింగ్ మెషీన్' లాంటి పుస్తకం మావాళ్ళ చేతికి చిక్కితే వదలరు. సియాటిల్‌లో బోయింగ్ విమానాల కంపెనీలో పనిచేసిన కెల్లీ స్వింగ్‌ను 24 భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగానికి ఎన్ని రకాలున్నాయో పట్టిక వేశాడు. చదువుతుంటే మిల్లులో స్పేర్‌పార్టుల జాబితా చూస్తున్నట్టే ఉంటుంది. మా ఇంజనీర్లకు అంతకన్నా ఏం కావాలి?

చిక్కల్లా ఒకటే. విప్పిన మోటార్‌సైకిల్ ముక్కలు కదలకుండా నేలమీద పడి ఉంటాయి. స్వింగ్‌లో పైకెత్తిన క్లబ్ కిందికి దిగి బంతిని చేరడానికి పట్టేది సుమారు పావు సెకను. బంతీ క్లబ్బూ ఒకదాన్నొకటి తాకి ఉండేది సెకనులో రెండువేలవ వంతు. ఆ పావు సెకనులో మణికట్టు ఎటు తిరగాలో, నడుము ఎప్పుడు కదలాలో, మోచేయి ఎక్కడ ఉండాలో తలుచుకుని, ఒళ్ళుకు ఉత్తరువు పంపి, అది అమలయ్యిందో లేదో చూసుకునే వ్యవధి ఎవరికీ లేదు. పేజీలో పది బొమ్మలుగా గీసినదాన్ని శరీరం ఒక్క ఊపులో చెయ్యాలి.

బొమ్మలంటే గుర్తొచ్చేది బెన్ హోగన్ 'ఫైవ్ లెసన్స్'. 1957లో వచ్చింది. హెర్బర్ట్ వారెన్ విండ్ రాతసాయం, ఆంథొనీ రావియెల్లి బొమ్మలు. కండరాలూ ఎముకలూ ఎరిగిన చెయ్యి గీసిన బొమ్మలవి. భుజాల మీద ఏటవాలుగా ఆనించిన గాజు పలక, దాని మధ్యలోంచి బయటికొచ్చిన తల... ఆ బొమ్మ ఒకసారి చూసినవాళ్ళు జన్మలో మర్చిపోరు. మరిచిపోకపోవడమే ఒక్కోసారి ఇబ్బంది. మైదానంలో నిలబడ్డప్పుడు బంతికన్నా ఆ గాజే ఎక్కువ కనిపిస్తుంది.

పుస్తకం గొప్పదే. కానీ అది ఎవరి జబ్బుకు రాసిన మందో చూడాలి. హోగన్‌ను వేధించింది హుక్, అంటే బంతి ఎడమకు మెలితిరిగి పోవడం. దాన్ని అదుపు చెయ్యడానికి ఆయన ఎడమచేతి పట్టును ఎడమవైపుకు కొంచెం తిప్పాడు. పుస్తకంలో నేర్పిందీ ఆ పట్టే. మనలో ఎక్కువమందికి ఉన్నది స్లైస్, బంతి కుడికి పోయే రోగం. హోగన్ పట్టు పడితే అది మరింత కుడికి పోతుంది. వేడిచేసినవాడికి రాసిచ్చిన చీటీతో జలుబు చేసినవాడు మందు కొనుక్కున్నట్టుంది. పుస్తకం రోగిని చూడదు, నాడి పట్టదు. మన బంతి ఎటు పోతున్నదో దానికేం తెలుసు?

అసలు బంతి ఎటు పోతుందో పుస్తకాలకే సరిగ్గా తెలియని కాలం చాలా నడిచింది. క్లబ్ ఏ దారిన ఊగితే బంతి ఆ దిక్కున బయలుదేరుతుందని, క్లబ్ ముఖం ఎటు చూస్తే చివరికి అటు వంగుతుందని దశాబ్దాలపాటు నేర్పారు. చెట్టు అడ్డమొస్తే ముఖాన్ని జెండావైపు పెట్టి, చెట్టు పక్కనుంచి ఊపమన్నారు. అలా చేసినవాళ్ళ బంతులు నేరుగా పోయి ఆ చెట్టుకే తగిలాయి. బయలుదేరే దిక్కులో ముప్పావు వంతు, డ్రైవర్‌తో అయితే అంతకన్నా ఎక్కువ, క్లబ్ ముఖానిదేనని ఈ శతాబ్దంలో డెన్మార్క్ కంపెనీ ట్రాక్‌మ్యాన్ రాడార్లు వచ్చాక లోకం ఒప్పుకుంది. నిజానికి కాక్రన్, స్టాబ్స్ అనే ఇద్దరు 1968లోనే 'సర్చ్ ఫర్ ది పర్‌ఫెక్ట్ స్వింగ్'లో దీన్ని సరిగ్గా రాశారు. అది పరిశోధన పుస్తకం, నేర్పే పుస్తకం కాదు. నేర్పేవాళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ఇంత చెప్పాక లారీ నెల్సన్ పేరు దాటెయ్యడం అన్యాయం. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చి, 21 ఏళ్ళ వయసులో తొలిసారి క్లబ్ పట్టిన ఈ అమెరికన్ హోగన్ పుస్తకం ముందు పెట్టుకునే ఆట నేర్చాడు. 1981లో, 1987లో పీజీఏ, మధ్యలో 1983లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. మా బావ తన అలమరకు సమర్థనగా చెప్పే పేరు ఇదొక్కటే. "ఒకడికి పనిచేసింది కదా" అంటాడు. ఆ ఒకడు బేస్‌బాల్ ఆడి పెరిగినవాడు, ఊపడమంటే ఏమిటో ఒంటికి ముందే తెలిసినవాడు అని నేనంటాను. పుస్తకం అతనికి నేర్పింది తక్కువ, సర్దిపెట్టింది ఎక్కువ.

ఇక నాకు బాగా ఆసక్తి కలిగించిన సంగతి. 1992లో రిచ్ మాస్టర్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గోల్ఫ్ తెలియనివాళ్ళను పోగుచేసి పట్టింగ్ నేర్పించాడు. ఒక జట్టుకు ఎలా కొట్టాలో వివరంగా రాసిచ్చాడు. ఇంకో జట్టుకు సూచనలేమీ లేవు. పైగా కొడుతున్నంతసేపూ నోటికొచ్చిన అక్షరాలు పైకి చెబుతూ ఉండాలి, నియమాలు తయారుచేసుకునే తీరిక మనసుకు ఉండకూడదని. సాధనలో చదివినవాళ్ళే ముందున్నారు. డబ్బు పందెమూ, చూసి మార్కులు వేసే నిపుణుడూ వచ్చేసరికి వాళ్ళ ప్రగతి ఆగిపోయింది. అక్షరాలు వల్లించినవాళ్ళు మాత్రం ఆ ఒత్తిడిలోనూ మెరుగవుతూనే పోయారు.

ఈ సంగతి మా తమిళనాడు తెలుగువాళ్ళకు ప్రయోగశాల లేకుండానే తెలుసు. విశ్వనాథ నాయకుడు మదురైలో ఏలుబడి మొదలుపెట్టిన 1529 నుంచి లెక్కేసినా అయిదు వందల ఏళ్ళు కావస్తున్నాయి. కొలువుల్లో కావ్యాలు పుట్టాయి నిజమే, ఇళ్ళలో తెలుగు నిలబడింది మాత్రం చెవి వల్ల. బడిలో అరవం, కాగితం మీద ఇంగ్లీషు. తెలుగు మాత్రం అమ్మమ్మ నోట్లోంచి మనవరాలి నోట్లోకి. ఇంట్లో గలగల మాట్లాడే మనిషి హైదరాబాదులో పెళ్ళికి వెళ్తాడు. "మీరు 'ఏంటికి' అన్నారే, మేం అలా అనం" అని ఎవరో సరదాగానే అంటారు. అంతే, తర్వాతి వాక్యం నుంచి ప్రతి మాటా నాలుక చివర పరీక్షకు నిలబడుతుంది. క్రియ చివర ఏం రావాలా అని వెతుక్కుంటూ నత్తినత్తిగా సాగుతుంది. భాష రాక కాదు, భాషను చూసుకోవడం మొదలైంది కాబట్టి. పదిమంది చూస్తుండగా టీ మీద నిలబడి మణికట్టు గురించి ఆలోచించేవాడిదీ అదే అవస్థ.

మరి మాటల్లో ఏదీ నేర్పకూడదా? నేర్పొచ్చు, ఆ మాట ఒంటి మీదికి కాక బయటికి చూపించాలి. గాబ్రియెల్ వుల్ఫ్ బృందం 1999లో కొత్తవాళ్ళకు పిచ్ షాట్ నేర్పింది. కొందరిని చేతుల ఊపు మీద, కొందరిని క్లబ్ ఊపు మీద దృష్టి పెట్టమంది. క్లబ్ మీద పెట్టినవాళ్ళే బాగా కొట్టారు. చిత్రమేమిటంటే ఎర్నెస్ట్ జోన్స్ దీన్ని చాలా ముందే చెప్పాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక కాలు పోగొట్టుకుని, ఒంటికాలి మీద కూడా బాగానే ఆడగలిగిన గురువు. కాలే లేకపోయాక కాలు ఎలా కదపాలన్న పాఠాలన్నీ ఎందుకనుకున్నాడేమో, చేతిరుమాలు కొసకు చిన్న చాకు కట్టి ఊపి చూపించి, క్లబ్ తలను ఇలా ఊపండి చాలు అనేవాడు. ఆయన పుస్తకం పలచన. బావ అలమరలో అది లేదు.

కొత్త పుస్తకం కొన్నాక తర్వాతి ఆట బాగుండటం కూడా మా బావ సాక్ష్యాల్లో ఒకటి. కానీ ఆయన పుస్తకం కొనేది ఎప్పుడు? ఘోరంగా ఆడి కొండ దిగిన మర్నాడు. అంత చెడ్డ రోజు తర్వాత వచ్చేది ఎలాగూ మామూలు రోజే. పేరు మాత్రం పుస్తకానికి పోతుంది.

నా జవాబుకు మళ్ళీ హోగన్ దగ్గరికే రావాలి. ఆ అయిదు పాఠాల్లో మొదటిది పట్టు, రెండోది నిలబడే తీరు. మూడు, నాలుగు స్వింగ్. అయిదోది అన్నిటి సారాంశం. మొదటి రెండూ కదలని సంగతులు. అద్దం ముందు నిలబడి పుస్తకంతో సరిచూసుకోవచ్చు, తొందర లేదు, పావు సెకను గడువు లేదు. గురి కూడా అంతే: నేలమీద ఒక కర్ర పెట్టుకుంటే పాదాలు ఎటున్నాయో తెలిసిపోతుంది. ఇక్కడ పుస్తకం నిజంగా పనికొస్తుంది, బంతి మామూలుగా ఎటు పోతుందో ముందు తెలుసుకుని మనకు తగ్గ పట్టు ఎంచుకుంటే. మూడో పాఠం నుంచి నవల్లా చదువుకోవచ్చు, బాగానే ఉంటుంది. జనం చేసేది దీనికి తలకిందులు. పట్టు గురించి రెండు పేజీలు తిప్పి, అసలు రహస్యమంతా ముందుందని నాలుగో పాఠానికి పరిగెత్తుతారు.

పుస్తకం లేకుండా ఎదిగినవాళ్ళు మన దేశంలో తక్కువేమీ లేరు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్, 2009లో గెలిచిన బెంగళూరు సి. మునియప్ప, ఇద్దరూ క్యాడీలుగా మొదలైనవాళ్ళే. హోగన్ కూడా కుర్రతనంలో టెక్సాస్‌లో క్యాడీయే. బ్యాగు మోస్తూ వందల స్వింగులు చూసినవాడి కంటికి, ఏ ఊపు చివర బంతి ఎటు పోతుందో లెక్క తెలుస్తుంది.

చెట్టిపాళయంలో మా కోయంబత్తూరు గోల్ఫ్ క్లబ్ మైదానం మీద ఆడిమాసంలో పాలక్కాడు కనుమలోంచి పడమటి గాలి తోసుకొస్తుంది. ఏ అమెరికన్ పుస్తకంలోనూ ఈ గాలి లేదు. ఎదురుగాలిలో ఏడో నంబర్ ఐరన్ తీసి, భుజం తిప్పడం గురించి పుస్తకం చెప్పింది నెమరువేసుకుంటూ నిలబడ్డ నాకు మా క్యాడీ కుర్రాడు, పక్కూరి తెలుగువాడే, అయిదో నంబర్ అందించాడు. "ఏంటికి సార్ అంత యోచన? గాలి చూడండి, మెల్లిగా కొట్టండి." నా స్వింగ్ గురించి ఒక్క మాట అనలేదు. బంతి గ్రీన్ మీద పడింది.

బావకు ఈమధ్య ఒక పుస్తకం నేనే కొనిపెట్టాను. స్వింగ్ ఊసు ఒక్క ముక్క ఉండదు, గోల్ఫ్ నియమాల పుస్తకం. 2019లో బాగా సవరించారు: పోయిన బంతిని వెతకడానికి 5 నిమిషాలు కాదు 3 నిమిషాలే, డ్రాప్ చేసేది భుజం ఎత్తు నుంచి కాదు మోకాలి ఎత్తు నుంచి. వాననీటి మడుగులో బంతి పడితే జరిమానా లేకుండా బయటికి తీసుకోవచ్చని అందులో ఉంది. కొడైకానల్ వానల్లో మడుగులకేం కొదవ? బావ ఇన్నేళ్ళూ నీళ్ళలోంచే బాదుతూ వచ్చాడు. పోయిన వారం ఫోన్ చేశాడు.

"ఏం బావా, స్ట్రోకులు తగ్గాయా?"

"రెండు తగ్గాయి బామ్మర్దీ. కానీ ఆ మడుగు రూలు మా క్యాడీకి ముందే తెలుసంట. మీరు అడగలేదు కదా సార్ అంటున్నాడు."