పరీక్షలన్నీ బాగున్నా నొప్పి నిజమే

నెలల తరబడి కడుపునొప్పితో తిరిగిన పిల్లల ఫైలు తెరిస్తే, స్కానింగ్ రిపోర్టులో తరచూ ఒకే మాట కనిపిస్తుంది: పేగుల దగ్గర లింఫు గ్రంథులు కాస్త పెద్దవయ్యాయని. ఆ మాటతో తల్లికి నిద్ర పట్టదు. ‘గడ్డలంటున్నారు మేడం, టీబీయా?’ అని అడుగుతుంది. చిన్నపాటి గ్రంథులు ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ కనిపిస్తాయి. చాలాసార్లు నొప్పికీ వాటికీ సంబంధమే ఉండదు.

బ్రిస్టల్ పిల్లల వైద్యుడు జాన్ ఆప్లీ వెయ్యి మంది బడిపిల్లల్ని పరిశీలించి, దాదాపు పదిమందిలో ఒకరికి ఇలా వచ్చిపోయే నొప్పి ఉందని 1958లోనే రాశారు. నొప్పి బొడ్డుకు ఎంత దూరమైతే జబ్బును అంతగా అనుమానించాలన్నది కూడా ఆయన మాటే.

బరువు తగ్గడం, ఎదుగుదల మందగించడం, మలంలో రక్తం, ఆగని వాంతులు, వదలని జ్వరం, నిద్రలోంచి లేపే నొప్పి: వీటిలో ఏది ఉన్నా పరీక్షలు చేయించాల్సిందే. ఇవేవీ లేకపోతే నేను మొదట మలబద్ధకం గురించి అడుగుతాను. ‘రోజూ వెళ్తుందండీ’ అంటారు ఇంట్లోవాళ్లు. పిల్లనే అడిగితే, గట్టిగా ముక్కాల్సి వస్తోందని చెబుతుంది. బడిలో బాత్రూమ్‌కి వెళ్లలేక సాయంత్రం దాకా నీళ్లు ముట్టని ఆడపిల్లలు ఎందరో. ఇది వైద్యం కన్నా ముందు బడి సరిచేయాల్సిన విషయం.

మలబద్ధకమూ కాకపోతే, పేగుల నరాలు మామూలు కదలికనే నొప్పిగా మెదడుకు చేరవేస్తున్నాయన్నమాట. బడి పరీక్షల భయం ఆ నొప్పిని పెంచుతుంది. ‘నాటకాలాడుతోంది’ అనే పెద్దల మాట నన్ను చాలా బాధపెడుతుంది. ఆ పిల్ల నొప్పి నిజంగానే అనుభవిస్తోంది.

అలాగని రోజంతా దాని గురించే అడగడమూ మంచిది కాదు. పరిశోధకురాలు లిన్ వాకర్ బృందం 2006లో అమెరికాలో ఇలాంటి నొప్పి ఉన్న పిల్లలకూ, లేని పిల్లలకూ కడుపు నిండేదాకా నీళ్లు తాగించింది. తల్లిదండ్రులు ఆ ఇబ్బంది గురించే పట్టించుకున్నప్పుడు పిల్లల ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయి, మాట మళ్లించినప్పుడు సగానికి తగ్గాయి. నొప్పి ఉన్న పిల్లల తల్లిదండ్రులు మాత్రం మాట మళ్లిస్తే పిల్లలకు చెడు జరుగుతుందని అనుకున్నారు. ప్రేమ ఉన్నచోట అలా అనిపించడం సహజం.

అందుకే అడుగుతున్నాను. ప్రమాద సూచనలు లేవని డాక్టరు తేల్చాక, నొప్పి పూర్తిగా పోయేదాకా ఆగకుండా పిల్లల్ని బడికి పంపండి. సాయంత్రం ఇంటికొచ్చాక కడుపు సంగతి వదిలేసి, ఆ రోజు ఎవరితో ఆడుకున్నారో అడగండి.