శ్రుతి మార్చిన ఫిడేలు

మ్యూనిక్‌లోని బవేరియా రాష్ట్ర గ్రంథాలయంలో ముఖపత్రం లేని పాత సంగీతపు రాతప్రతి ఒకటి ఉంది. అందులో పదిహేను సొనాటాలు, చివర తోడు వాద్యమేదీ లేకుండా ఒంటి ఫిడేలుకు రాసిన పాసకాలియా అనే రచన ఉన్నాయి. ప్రతి సొనాటా తలమీదా ఒక చిన్న గుండ్రటి బొమ్మ: మరియమ్మ దగ్గరికి వచ్చిన దేవదూత, పశువుల పాకలో బిడ్డ, తోటలో రాత్రి ప్రార్థన, సిలువ. పాట మొదలయ్యే ముందు నాలుగు స్వరాలు కనిపిస్తాయి. అవి వాయించడానికి రాసినవి కావు. ఫిడేలు నాలుగు తీగల్నీ ఏ శ్రుతికి బిగించుకోవాలో చెప్పే గుర్తులు. మొదటి సొనాటాలోనూ చివరి పాసకాలియాలోనూ అవి మామూలువే. మధ్యనున్న పద్నాలుగింటికీ పద్నాలుగు వేర్వేరు శ్రుతులు.

రాసినవాడు హైన్‌రిష్ బీబర్. 1644లో బొహీమియాలోని వార్టెన్‌బెర్గ్‌లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు చెక్ దేశంలో ఉంది. పాతికేళ్లయినా నిండకముందే ఓలొమౌట్స్ బిషప్ కొలువులో చేరాడు. 1670 వేసవిలో బిషప్ అతణ్ణి ఇన్స్‌బ్రుక్ దగ్గరి అబ్జామ్‌కి పంపాడు. యాకొబ్ స్టైనర్ చేసిన వాద్యాలు తీసుకురావాలి. ఫిడేళ్లు చెయ్యడంలో ఆ రోజుల్లో స్టైనర్‌ది పెద్ద పేరు. బీబర్ వెళ్లాడు, తిరిగి రాలేదు. సాల్జ్‌బర్గ్ చేరి అక్కడి ఆర్చిబిషప్ మాక్స్ గాండొల్ఫ్ కొలువులో కుదిరాడు. పాత యజమాని 1676 దాకా విడుదల పత్రం ఇవ్వలేదు. ఇంచుమించు ఆ కాలంలోనే ఈ సొనాటాలు తయారై, కొత్త యజమానికి అంకితమయ్యాయి.

మన తెలుగు కతోలికుల ఇళ్లలో జపమాల చెప్పేవాళ్లకి ఆ బొమ్మల వరస బాగా తెలిసినదే. సంతోష, దుఃఖ, మహిమ దేవరహస్యాలు, అయిదేసి చొప్పున పదిహేను. బీబర్ ఒక్కో రహస్యానికి ఒక్కో సొనాటా రాశాడు. ఆ పని మరెవరైనా చేసి ఉండేవారేమో. ఒక్కో రహస్యానికి ఒక్కో ఫిడేలు కావాలనుకున్నది మాత్రం అతనే. ఉన్న ఒక్క ఫిడేలునే పదిహేను ఫిడేళ్లు చేశాడు.

పాశ్చాత్యుల ఫిడేలు శ్రుతిని మన లెక్కలో చెప్పుకుంటే స ప రి ధ. ఏ తీగకైనా దాని పై తీగ పంచమం. మన ఫిడేలు అలా ఉండదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఈ వాద్యాన్ని ఒక యూరోపియన్ దగ్గర నేర్చి కర్ణాటక సంగీతంలోకి తెచ్చాడు. తర్వాత మన పద్ధతిలో స ప స ప స్థిరపడింది. విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ముందు కూర్చుని నేర్చుకున్నవాళ్ల చేతుల్లో ఉన్నదీ ఆ శ్రుతే.

ఇప్పుడు బీబర్ రెండో సొనాటా తెరవండి. గర్భవతి అయిన మరియ, గర్భవతి అయిన ఎలిజబెతమ్మను చూడవచ్చే ఘట్టం. కింది తీగ నుంచి చదివితే ఎ, ఇ, ఎ, ఇ. మామూలు శ్రుతిలో కింది రెండు తీగల్నీ ఒక్కో స్వరం పైకి బిగిస్తే ఇది వస్తుంది. అంటే స ప స ప! మన ఫిడేలు శ్రుతి, మన దగ్గరికి ఫిడేలు రావడానికి నూరేళ్లకు పైగా ముందే, ఆల్ప్స్ కొండల పాదాన.

ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నది కాదిది. కానీ రెండు చోట్లా తీగలు చేసే పని ఒకటే. వేలు పెట్టి స వాయిస్తే, ఎవరూ ముట్టని స తీగ దానంతటదే సన్నగా కంపిస్తుంది. ప వాయిస్తే ప తీగ పలుకుతుంది. వాద్యమంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టుంటుంది. మనకది రాగానికి ఆధారమైంది, అందుకే ఒకసారి కుదిరాక మళ్లీ మార్చలేదు. బీబర్‌కి ఆ మోత ఒక్క ఘట్టానికే కావాలి. ఇద్దరు తల్లులు, ఒకే మాట పలికే రెండు జతల తీగలు. నాకైతే అలాగే వినిపిస్తుంది.

ఆరో సొనాటాకి వచ్చేసరికి గెత్సేమనె తోట, యేసు రాత్రి ప్రార్థన చేసిన చోటు. ఇక్కడ కింది రెండు తీగల్ని అర స్వరం పైకి లాగి, పై రెండింటినీ ఒక్కో స్వరం దించుతాడు. అప్పటి తీగలు గొర్రె పేగుతో పేనినవి, బిగువు కాస్త మారినా గొంతు మారుతుంది. లావు తీగలు పట్టుబిగువున, సన్న తీగలు వదులుగా. ఎప్పుడూ మెరిసే పై గొంతు మసకబారిపోతుంది. మొదటిసారి విన్నప్పుడు ఫిడేలుకి గొంతు పూడుకుపోయిందనిపించింది నాకు. దుఃఖాన్ని మెట్టుమెట్టుగా అభినయించడం కాదు, వాద్యం ఒంట్లోనే దుఃఖం పెట్టడం.

వాయించేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. శ్రుతి మారినా బీబర్ స్వరాలు రాసే తీరు మార్చలేదు. ఫిడేలు మామూలు శ్రుతిలో ఉన్నట్టే అనుకుని వేళ్లు పెట్టాలి. కాగితం మీద ఒక స్వరం, చెవికి మరో స్వరం. ఆ రాత పలికే స్వరానికి గుర్తు కాదు, వేలు పెట్టే చోటికి గుర్తు. చెవి ఎంత చురుగ్గా ఉంటే అంత తికమక.

పదకొండోది పునరుత్థానం. ఫిడేలును దగ్గరగా పట్టుకుని చూడాల్సిన రచన ఇది. మధ్యనున్న రెండు తీగల్నీ చోటు మార్చి కట్టాలి. కిందివైపు, బ్రిడ్జి దాటాక, ఒకదాని మీదుగా ఇంకోటి పోతుంది. పైన, బిరడాల గూట్లో, మళ్లీ ఒకదాన్నొకటి దాటుతాయి. రెండు చోట్లా తీగలే సిలువ గుర్తు వేస్తాయి. సభలో కూర్చున్నవాళ్లకి అది కనిపించదు. వాయించేవారి కళ్లకి, వేళ్లకి మాత్రమే తెలుస్తుంది. దాంతో కింది రెండు తీగలూ ఒకే స్వరం రెండు స్థాయిల్లో పలుకుతాయి, పై రెండూ అంతే. ఒక్క వేలు అడ్డంగా వేస్తే స్థాయి భేదంతో జంట గొంతులు లేస్తాయి. ఆ గొంతులతో ఈస్టరు కీర్తన వినిపిస్తాడు.

ఇదంతా గారడీ అని తీసిపారేసేవాళ్లకి ఒక ఆధారం లేకపోలేదు. బీబర్‌కి గారడీ కూడా వచ్చు. కోయిల, కప్ప, కోడి, పిల్లి కూతల్ని ఫిడేలు మీద పలికించిన సొనాటా ఉంది. 1673 నాటి ‘బట్టాలియా’లో తాగిన సైనికులు ఎనిమిది పాటల్ని వేర్వేరు శ్రుతుల్లో ఒక్కసారే పాడతారు, పెద్ద ఫిడేలు తీగ కింద కాగితం దూర్చి యుద్ధభేరి మోగిస్తారు. సరదా రచన, బాగుంటుంది. కానీ దాన్ని చూసి జపమాల సొనాటాల్ని తూచడం పొరపాటు. బట్టాలియాలో చప్పుడు దేన్నో అనుకరిస్తుంది. ఇక్కడ శ్రుతి దేన్నీ అనుకరించదు. రచన మొదలయ్యేది మొదటి స్వరంతో కాదు, బిరడా తిప్పడంతో.

బతికి ఉండగా బీబర్‌కి గౌరవానికి లోటు లేదు. 1684లో సాల్జ్‌బర్గ్ ఆస్థాన సంగీతాధిపతి అయ్యాడు, 1690లో లియొపోల్డ్ చక్రవర్తి అతనికి ప్రభు హోదా ఇచ్చాడు. ఇంట్లో పదకొండు మంది పిల్లలు పుడితే నలుగురే మిగిలారు. 1704లో పోయాడు. ఆ ఊళ్లోనే 1756లో మోత్సార్ట్ పుట్టాడు, ఇక సాల్జ్‌బర్గ్ అంటే లోకానికి ఆ పేరే. జపమాల సొనాటాలు అచ్చులోకి వచ్చింది 1905లో, రాసిన రెండువందల ఏళ్లు దాటాక.

ఇప్పుడు మొత్తం ఒకే కచేరీలో వాయించేవాళ్లలో చాలామంది రెండు మూడు ఫిడేళ్లు ముందే శ్రుతి చేసి పక్కన పెట్టుకుంటారు. పేగు తీగని అటూ ఇటూ లాగితే కుదురుగా నిలబడదు.

అన్నీ అయ్యాక చివరి బొమ్మ: దేవదూత ఒక పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. శ్రుతి మళ్లీ స ప రి ధ. తోడు వాద్యం ఆగిపోయింది. ఫిడేలు ఒక్కటే నాలుగు స్వరాలు దిగుతుంది: స ని ధ ప. కైశికి నిషాదం, శుద్ధ ధైవతం. మళ్లీ స ని ధ ప. అరవై అయిదు సార్లు అదే, పైన మాత్రం ప్రతిసారీ కొత్త సంగతి. ఇంట్లో శ్రుతిపెట్టె ఉంటే అయిదు శ్రుతికి పెట్టి, ఆ నాలుగు స్వరాల్నీ నిదానంగా పది సార్లు పాడండి. ఆ తర్వాత పాసకాలియా పెట్టుకోండి.