చిటికెనవేలి గాటు

దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి వచ్చిన ఒకావిడ పోయినేడు నా ముందు ఒక నకలు కాగితం పెట్టారు. వాళ్ల తాతగారి అమ్మ వివరాలవి. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు 22, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. చివరి గడిలో ఒంటి మీది గుర్తు: ఎడమ చిటికెనవేలి మీద గాటు.

1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా 1,52,184 మంది మన దేశం వాళ్లు ఒప్పంద కూలీలుగా డర్బన్ ఉన్న నాటాల్ ప్రాంతానికి వెళ్లారు. ఓడల వారీగా వాళ్ల జాబితాలున్నాయి; ఆ నకలు అలాంటి జాబితాలోదే. ఈ జాబితాలను కళ్లతో చదివితే లాభం లేదు, నోటితో చదవాలి. ఆ తాతగారి అమ్మ తన యాసలో ఊరి పేరు చెప్పింది, గుమాస్తా చెవికి తోచినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. పేరు చివర ‘ల్స’ అని కనిపిస్తే అది వలస కావచ్చు. పదిసార్లు పైకి చదువుకున్నాక గానీ ఆ ఊరు నాకు వినపడలేదు. శ్రీకాకుళం వైపు ఊరు.

నాటాల్‌లో ఆమెకు మగవాడి కూలిలో సగమే. 1895 చట్టంతో, ఒప్పందం తీరాక కూడా అక్కడే ఉండదలచిన ఆడవాళ్ల మీద సైతం ఏడాదికి 3 పౌన్ల పన్ను పడింది. ఇంత వివరంగా రాసుకున్నది ఆమె మీద గౌరవంతో కాదు. పారిపోతే పట్టుకోవడానికి గుర్తులు కావాలి, అందుకు. అయినా ఆ కాగితాన్ని నేను కళ్లకద్దుకున్నాను. ఆమెకో చెల్లెలు ఉండే ఉంటుంది కదా, ఇక్కడే ఉండిపోయి, ఇవే పొలాల్లో నాట్లు వేసి, కలుపు తీసి, పోయిన మనిషి. ఆ చెల్లెలి ఎత్తు ఎవరు రాశారు? కరణం లెక్కల్లో పట్టాదారులుంటారు, పంట ఉంటుంది, శిస్తు ఉంటుంది. ఊడ్చిన చేతులుండవు. కట్టుబడి పోయినందుకే అక్కకు కాగితం దక్కింది. ఈ మాట రాస్తుంటే నాకు కష్టంగానే ఉంది.

ఇద్దరం ఆ ఊరు వెళ్లాం. చుట్టరికం చెప్పగలిగినవాళ్లెవరూ దొరకలేదు. రావిచెట్టు కింద కూర్చున్న ఒక ముసలామె మాత్రం, “ఏ ఊరు తల్లీ మీది?” అంటూ డర్బన్ ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. కాగితంలో ఉన్నదంతా చదివి వినిపించాను. వేలి గాటు దగ్గరికి రాగానే ఆపమంది.

“అది కొడవలిదే తల్లీ. ఎడం సేత్తో దుబ్బు పట్టి కోస్తాం గదా, సిటికినేలే ముందు తెగుతాది.”

తన ఎడమ చెయ్యి చాపి చూపించింది. చిటికెనవేలి మీద అడ్డంగా, తెల్లగా గీత.