నొప్పి చెప్పుకునేవాడే డైవర్

నాగావళిలో ఎవరైనా గల్లంతైతే ముందు కబురు వెళ్లేది గజ ఈతగాళ్లకే. తాడు, వెదురు గెడ, గుండె నిండా ఒక్క ఊపిరి, ఇంతే వాళ్ల సరంజామా. లోతుకు దిగొచ్చాక కీళ్లు పీకడం, కాళ్లు చచ్చుబడటం ఎప్పుడైనా ఎరుగుదువా అని వాళ్లలో ఒక పెద్దాయన్ని అడిగాను. వింతగా చూశాడు. "సెవులు దిబ్బడేస్తాయి బాబూ, అంతకుమించి ఏటుంటాది?" అన్నాడు.

ఆయన ఎరగని ఆ జబ్బు సిలిండర్ కట్టుకుని దిగేవాడికి వస్తుంది. సముద్రంలో ప్రతి పది మీటర్లకూ మనం నేల మీద మోస్తున్నంత గాలి ఒత్తిడి మరొకటి వచ్చి చేరుతుంది. సిలిండర్ నుంచి అందే గాలి కూడా ఆ ఒత్తిడికి సమానంగానే వస్తుంది. అందులో ముప్పాతిక పైన నత్రజనే. ఒంటికి దాంతో పనిలేదు కనుక రక్తంలో, కొవ్వులో, నరాల్లో కరిగి కూర్చుంటుంది. నింపాదిగా పైకొస్తే ఊపిరితోపాటే బయటికి పోతుంది. గబగబా వస్తే ఎక్కడికక్కడ బుడగలు కడుతుంది. ఒక్క ఊపిరితో దిగేవాడి ఒంట్లో అంత నత్రజని పోగుపడదు. అదీ పూర్తి భరోసా కాదు. పసిఫిక్‌లోని టువామోటు దీవుల్లో ముత్యపు చిప్పల కోసం రోజంతా అదేపనిగా మునిగేవాళ్లకు పక్షవాతం వచ్చిన దాఖలాలున్నాయి.

ఈ బుడగల గురించి చెప్పేటప్పుడు అందరూ గోళీ సోడానే గుర్తుచేస్తారు. అది సగమే సరిపోతుంది. సోడా బుడగ సీసా మూతిలోంచి బయటపడుతుంది. మనిషిలో అలాంటి మూతి లేదు. భుజంలో చిక్కుకున్నది నొప్పితో సరిపెడుతుంది. వెన్నుపాములో చిక్కుకుంటే నడుము కింద తిమ్మిరెక్కి కాళ్లు లేవవు, మూత్రం బిగుస్తుంది. లోపలి చెవికి తగిలితే భూమి గిర్రున తిరుగుతుంది. ఊపిరితిత్తుల్లో నిండితే ఛాతీ పట్టేసి ఆయాసం వస్తుంది. ఇవన్నీ చాలామందిలో పైకొచ్చిన కొద్ది గంటల్లోనే మొదలవుతాయి.

మా తీరంలో నొప్పి చెప్పుకోవడం నామోషీ. వల లాగినవాడు భుజం పీకుతోందంటే పక్కవాడు నవ్వుతాడు. ఆ మొండితనం వేటలో చెల్లుతుందేమో కానీ డైవింగ్‌లో కొంప ముంచుతుంది. ఏ దేశంలోనైనా డైవర్లు చేసే పని ఒకటే: బరువు ఎత్తినందుకు పట్టేసిందనుకుని మాత్ర వేసుకుని పడుకుంటారు. చికిత్సకు అక్కరకొచ్చే మొదటి గంటలు ఆ నిద్రలో పోతాయి.

ఈ జబ్బు డైవర్లకు మాత్రమే వచ్చేది కాదు. 1870లో సెయింట్ లూయిస్ దగ్గర మిసిసిపీ నది మీద వంతెన కడుతున్నారు. నది అడుగున దించిన పెద్ద పెట్టెలోకి గాలి కొట్టి, నీళ్లను బయటికి నెట్టి, కూలీలు అందులో మట్టి తవ్వేవారు. వాళ్లను చూసుకునే డాక్టర్ జామినే స్వయంగా 95 అడుగుల లోతుకు దిగి, రెండు గంటలకు పైగా ఉండి, మూడున్నర నిమిషాల్లో బయటికొచ్చేశాడు. ఇంటికి చేరాక కాళ్లూ చేయీ పడిపోయాయి. అదృష్టవంతుడు, తర్వాత కోలుకున్నాడు. మళ్లీ ఒత్తిడిలోకి దిగితే నొప్పి తగ్గుతుందని అలాంటి పనుల్లోని కూలీలు తమ ఒంటి మీదే కనిపెట్టారు. ఇప్పటి వైద్యానికి మూలం అదే. దాన్ని పద్ధతిగా వాడుకున్నవాడు ఇంజనీరు ఎర్నెస్ట్ మోయిర్. 1890 ప్రాంతంలో న్యూయార్క్ హడ్సన్ నది సొరంగం పనిలో రోగుల కోసం ఇనుప గది పెట్టించాడు. ఎంత లోతు నుంచి ఎంత నిదానంగా రావాలో మేకల మీద పరీక్షించి శాస్త్రవేత్త హాల్డేన్ పట్టికలు ప్రచురించింది 1908లో.

ఇప్పటి చికిత్స కూడా ఉక్కు గదిలోనే. రోగిని 18 మీటర్ల లోతున ఉండే ఒత్తిడికి తీసుకెళ్లి, మాస్కుతో శుద్ధమైన ఆక్సిజన్ ఇస్తారు. ఇరవై నిమిషాలు ఆక్సిజన్, ఐదు నిమిషాలు మామూలు గాలి. ఆ విరామం ఇవ్వకపోతే ఆక్సిజనే విషమై ఫిట్స్ తెప్పించే ప్రమాదం పెరుగుతుంది. అమెరికా నౌకాదళం పట్టిక ప్రకారం మొత్తం 4 గంటల 45 నిమిషాలు. తగ్గకపోతే పొడిగిస్తారు, మర్నాడు మళ్లీ పెడతారు. లోపలికి నూలు బట్టలే, అగ్గిపెట్టె, నూనె దరిచేరకూడదు. మూత్రం బిగిసినవాడికి పెట్టే గొట్టం చివరి బుడగలో గాలి ఉంటే ఒత్తిడికి కుంచించుకుపోయి గొట్టం జారిపోతుంది, అందుకని నీళ్లు నింపుతారు. తోడు కూర్చున్న నర్సు కూడా లెక్క ప్రకారమే బయటికి రావాలి.

విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టిన డైవింగ్ సహాయ నౌక ఐఎన్‌ఎస్ నిస్తార్ 2025 జులై 18న నౌకాదళంలో చేరింది. దాని మీది డైవర్లు 300 మీటర్ల దాకా దిగగలరు. అంత లోతు పనికి హీలియం కలిపిన ఆక్సిజన్ పీలుస్తూ, ఓడలోని ఒత్తిడి గదిలోనే తిని పడుకుంటారు. పనయ్యాక బయటపడటానికి ముప్పై మీటర్లకు రమారమి ఒక రోజు. మూడువందలంటే పది రోజుల పైమాటే. ఇంట్లో పెళ్లున్నా తలుపు తీయరు.

సరదా డైవింగ్ అంత లోతుది కాదు. చింతపల్లి తీరం దగ్గర మునిగిన ఓడను చూడబోయే టూరిస్టుకు ముప్పు తక్కువే. నా భయం వాళ్ల తర్వాతి కార్యక్రమం గురించి. పొద్దున సముద్రం, మధ్యాహ్నం అరకు అంటారు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. ఎత్తుకెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, ఒంట్లో మిగిలిన నత్రజని బుడగ కట్టే అవకాశం పెరుగుతుంది. విమానం ఎక్కడానికైతే ఒక్కసారి దిగినవాడు కనీసం 12 గంటలు, పదేపదే దిగినవాడు 18 గంటలు ఆగాలన్నది డైవింగ్ వైద్యుల సూచన. ఘాట్ రోడ్డు గురించి టికెట్ అమ్మేవాళ్లు చెప్పగా నేనింకా వినలేదు.

క్యాజువాలిటీకి కాళ్లు లాగుతున్నాయంటూ వచ్చిన కుర్రాణ్ణి "నిన్నగానీ ఇవాళగానీ సిలిండర్‌తో నీళ్లలో దిగావా బాబూ?" అని అడగడానికి యంత్రం అక్కర్లేదు. అవునంటే వెల్లకిలా పడుకోబెట్టి, ఆక్సిజన్ పూర్తిగా పెట్టి, సెలైన్ ఎక్కిస్తూ ఒత్తిడి గది ఉన్న చోటికి పంపాలి. ఆ గది ఎక్కడుందో డైవింగ్ నడిపేవాళ్లు పడవ తీయకముందే కనుక్కుని ఉండాలి. చికిత్స పేరుతో మళ్లీ నీళ్లలోకి దించకూడదు. ఆలస్యమైందని మానేయనూ కూడదు, ఒక రోజు గడిచాక గుణం కనిపించినవాళ్లున్నారు. దారిలో ఆక్సిజన్‌కు నొప్పి తగ్గి, నాకు బాగుంది, ఇంటికి పోతానంటాడు. బుడగ అప్పటికింకా ఒంట్లోనే ఉంటుంది కనుక, ఎంత బతిమాలినా బండి వెనక్కి తిప్పకూడదు.