విండోస్ ఎడిషనులు - ఒక విమర్శ

కంప్యూటరు కొనబోవువారు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: విండోస్ 'హోం' చాలునా, 'ప్రొ' తీసికొనవలెనా? ఈ రెండును ఒకే ఆపరేటింగ్ సిస్టమునకు, అనగా యంత్రమును నడిపించు మూలప్రోగ్రామునకు, రెండు ఎడిషనులు. డిస్కునంతటిని సంకేతలిపిలోనికి మార్చి భద్రపరచు బిట్‌లాకరు ప్రొలో పూర్తిగా లభించును. సంస్థలోని యంత్రములనన్నిటిని ఒకేచోటనుండి శాసించు ఏర్పాట్లును ఉండును. పిల్లల చదువునకు, ఇంటి లెక్కలకు వీని యవసరము అరుదు. హోం చాలును.

అయితే అసలు ప్రశ్న యిది కాదు. ఏ ఎడిషనునకు ఏ తీరు అప్‌డేట్లు ఎంతకాలము వచ్చునన్నది ముఖ్యము. దుకాణములలో ఈ మాట సాధారణముగా ప్రస్తావనకు రాదు.

అప్‌డేట్లలో కొన్ని బయటపడిన లోపములను పూడ్చును. కొన్ని క్రొత్త హంగులను తెచ్చి సిస్టమునే మార్చును. మొదటివాని విలువ 2017లో లోకమునకు తెలిసినది. ఆ యేడు మార్చి 14న మైక్రోసాఫ్ట్ వారు ఒక లోపమును సరిదిద్దు అప్‌డేటును విడుదల చేసిరి. మే 12న 'వన్నాక్రై' అను హానికర ప్రోగ్రాము ఆ లోపముగుండనే చొరబడి, ఫైళ్లకు తాళము వేసి డబ్బు కోరినది. రెండు నెలల వ్యవధి యున్నను అప్‌డేటు వేసికొనని యంత్రములే విశేషముగా చిక్కుకొన్నవి. ఇంగ్లండులో కొన్ని ఆసుపత్రులు రోగులను వేరొకచోటికి పంపవలసివచ్చినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్నియు దీని బారినపడినవి.

రెండవ తీరు కథ వేరు. 2018 అక్టోబరు 2న వెలువడిన విండోస్ 10 అప్‌డేటు కొందరి యంత్రములలో స్వంత ఫైళ్లనే తుడిచివేసినది. కొలది దినములలోనే పంపిణీని ఆపిరి. నవంబరు 13న గాని మరల విడుదల చేయలేదు. అడుగని హంగులకొరకు ఫోటోలు పోగొట్టుకొన్న గృహస్థు ఆ పిమ్మట వచ్చు మరమ్మతును గూడ అనుమానించును. అతనిది తప్పనలేము. మరమ్మతును, మార్పును ఒకే త్రాట గట్టుటయే తప్పు.

2019లో ఈ కట్టును కొంత సడలించిరి. క్రొత్త వెర్షనును ఎప్పుడు వేసికొనవలెనో కొంతవరకు వాడుకరియే నిర్ణయింపవచ్చును. ప్రొలో మార్పును 365 దినములవరకు వాయిదా వేయు వీలున్నది. కాని విండోస్ 11 హోం, ప్రొలలో ఒక్కొక్క వెర్షనునకు 24 నెలలే గడువు. అది తీరిన పిదప మరమ్మతు కావలెనన్న మార్పు తప్పదు.

మార్పు లేక మరమ్మతు మాత్రమే పొందు ఎడిషను లేకపోలేదు. దాని పేరు 'ఎల్.టి.ఎస్.సి.' 2024లో వచ్చిన విండోస్ 11 ఎంటర్‌ప్రైజ్ ఎల్.టి.ఎస్.సి.కి ఐదేండ్లు మరమ్మతులు వచ్చును. వైద్యపరికరములు, ఎ.టి.ఎం.లు వంటి ప్రత్యేక యంత్రములకే యిది తగునని మైక్రోసాఫ్ట్ వారి వాదము. గృహస్థునకు చిల్లరగా అమ్మరు. నిలుకడ యంత్రమునకే గాని మనుష్యునకు అక్కరలేదా?

ఉబుంటు వారి పద్ధతి చూడుడు. రెండేండ్లకొకసారి ఏప్రిలులో వచ్చు 'ఎల్.టి.ఎస్.' వెర్షనునకు ఐదేండ్లు, నడుమ ఆరు నెలలకొకసారి వచ్చువానికి తొమ్మిది నెలలు మరమ్మతులు. రెండును ఉచితమే, ఎన్నిక వాడుకరిదే. అయినను టాలీ వంటి ప్రోగ్రాములు విండోసుపై నడచునవి గనుక మన దుకాణదారుడు అటు మరలుట సులభము కాదు. ఈ సంగతి మైక్రోసాఫ్ట్ వారికి తెలియకపోదు.

విండోస్ 10 సాధారణ మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. టి.పి.ఎం. 2.0 అను భద్రతా ఏర్పాటు లేని పాత యంత్రములు, ఎంత బాగుగా పనిచేయుచున్నను, విండోస్ 11కు అర్హములు కావు. తన యంత్రములో నున్నదేదో తెలియగోరువారు 'రన్' పెట్టెలో విన్‌వర్ అని టైపుచేసిన ఎడిషను, వెర్షను కనబడును. దాని గడువు తేదీకి మాత్రము మైక్రోసాఫ్ట్ వారి పట్టికను వెదకుకొనవలెను. మందుసీసాపై ముద్రించినట్లు ఆ తేదీని గూడ అచ్చటనే చూపుటకు అడ్డమేమి?