ఫతే మైదానమా!

నౌబత్ పహాడ్ నీడ వాలే నేలా, నగర హృదయాన నవనవోన్మేషంగా నవ్విన హరిత మేదినీ, 1687లో గోల్కొండను గెలవవచ్చిన ఔరంగజేబు సేనల గుడారాలను గుండెపై మోసి, ఆసఫ్‌జాహీల పోలో గుర్రాల పదఘట్టనలకు పరవశించి, కడకు ఒక చిన్న ఎర్రబంతికి కన్నతల్లివైన కరుణామయీ! బషీర్‌బాగ్ రద్దీలో నీ ప్రాకారం పక్కగా ప్రతిదినం వేలమంది సాగిపోతారు. గోడకు ఆవల ఘోషించే గతం ఏ ఒక్కరి చెవికైనా సోకుతుందా? 1967లో లాల్ బహదూర్ నామధేయం దాల్చినా, నా నాలుక మీద నీవు నేటికీ ఫతే మైదానానివే.

ఫతే మైదానమా, నీ పచ్చిక పలకదేమి?

పలికిన దినాలు నీకు లేకపోలేదు. 1955 నవంబరులో తొలి టెస్టు నీ వాకిట వెలసిన వేళ, న్యూజిలాండుపై భారత సేనను నడిపినవాడు నీ ఒడిలో ఎదిగిన గులాం అహ్మదే. సొంత ఊరి సొంత నేలపై నాయకుడైన ఆ నిడుపాటి స్పిన్నరు కళ్ల ముందే పాలీ ఉమ్రిగర్ ప్రవాహమై, ప్రభంజనమై, 223 పరుగుల పతాక ఎగరేశాడు. టెస్టుల్లో భారతీయుడి బ్యాటు నుంచి వెలువడిన ప్రథమ ద్విశతకం అది. ఆ తొలికాన్పు నీదే తల్లీ, నీదే!

నీవు కన్నీరైన దినమూ ఉంది. 1969 అక్టోబరు. భారత్ తొలి ఇన్నింగ్సు యాభై పరుగుల దరిదాపులోనే తొమ్మిది వికెట్లు రాలి శిశిర శాఖలా వణికితే, చివరి జంట వెంకటరాఘవన్, బేడీ చేయిచేయి పట్టి 89 దాకా చేర్చారు. రెండో ఇన్నింగ్సులోనూ 76కు ఏడు వికెట్లు పడి పరాజయం గుమ్మంలో నిలిచినప్పుడు, నింగి విరిగి నీ మీద కురిసింది. గెలుపు చేతికంది చేజారుతుంటే తాళలేక న్యూజిలాండ్ సారథి గ్రాహం డౌలింగ్ తానే బరిలోకి దిగి నీటిని తుడవబోయాడు. నీవు ఆరలేదు. ఆట సాగలేదు. నీ బిడ్డల ఓటమిని చూడలేక చెంగుతో ముఖం దాచుకున్నావని ఈనాటికీ నా నమ్మకం.

ఫతే మైదానమా, నీ పచ్చిక పలకదేమి?

నీవు పెంచిన జయసింహ నిలువెత్తు కాలరు, అబిద్ అలీ అలుపెరుగని ఉరుకు, శివలాల్ యాదవ్ వేళ్ల విన్నాణం, అజహరుద్దీన్ మణికట్టులో మెరిసి మాయమయ్యే మెరుపుతీగ, లక్ష్మణ్ లలిత లావణ్య లాస్యం... బలంతో బాదడం కాక, బంతిని బుజ్జగించి బౌండరీకి సాగనంపే ఆ సుకుమార శైలి ఈ దక్కను గాలిలోనే పుట్టిందని నేనంటాను. కాదన్నవారితో వాదించే ఓపిక ఇక నాకు లేదు. ఆ శైలి నేడు ఎక్కడ? ఆ తల్లి ఒడి ఖాళీ అయ్యాక, ఆ పాల తీపి ఎక్కడ?

విధి వైచిత్రి చూడు. నీ ప్రాంగణాన జరిగినవి మూడే టెస్టులు. 1955, 1969, 1988. మూడింటా అతిథి న్యూజిలాండే. 1999 నవంబరు వన్డేలో సచిన్ అజేయంగా 186, ద్రావిడ్ 153 చేసి 331 పరుగుల భాగస్వామ్య సౌధం కట్టిననాడు ఎదుట ఉన్నదీ వారే. 2003 నవంబరు 15న సెహ్వాగ్, సచిన్ శతకాల శంఖారావంతో నీ చిట్టచివరి అంతర్జాతీయ సమరం ముగిసిననాడు నీకు వీడ్కోలు పలికిందీ వారే. నీ పురుటికి వచ్చిన చుట్టమే నీ పాడెనూ మోసింది!

రెండేళ్లకు ఊరి తూర్పు అంచున ఉప్పల్‌లో కొత్త స్టేడియం దీపాలు వెలిగాయి. క్రికెట్ సంఘానికి సొంత ఇల్లు అమరింది; విశాలమైనది, వైభవోపేతమైనది, నేనెందుకు కాదంటాను? కాని ఆబిడ్స్ నుంచి, నాంపల్లి నుంచి, నిజాం కాలేజీ గేటు నుంచి కాలినడకన వచ్చి కేకపెట్టి పోయే సామాన్యుడి సాయంత్రాన్ని ఆ ఇంటికి ఎవరు మోసుకుపోగలరు?

ఫతే మైదానమా, నీ పచ్చిక పలకదేమి?

ఇప్పుడు నీ మీద షామియానాలు లేస్తాయి, వేదికలు వెలుస్తాయి, విందుల వాసనలు వీస్తాయి. 2023 డిసెంబరు 7న తెలంగాణ ముఖ్యమంత్రి ప్రమాణస్వీకారానికి జనసంద్రం పోటెత్తిందీ నీ గుండెల మీదే. జనం నీకు కొత్త కాదు. జయజయధ్వానం నీకు కొత్త కాదు. కాని గునపం దిగిన ప్రతిచోటా, గుంజ పాతిన ప్రతిచోటా, ఉమ్రిగర్ అడుగుజాడ ఒకటి ఉలిక్కిపడుతున్నట్టు నాకు తోస్తుంది.

పెద్దలారా, పాలకులారా, ఆ నేలను మళ్లీ ప్రపంచానికి చూపమని నేనడగను. నడుమ ఇరవై రెండు గజాలు మళ్లీ చదును చేయండి, రోలరు తిప్పండి, నీళ్లు చల్లండి, ఏటా ఒక్క రంజీ పోరును అక్కడ ఆడించండి, టికెట్టు లేకుండా గేట్లు తెరవండి.